తుపాకుల ఆటలో ఆళ్లగడ్డ పులి

రాజశేఖర్ నంద్యాలలో జూనియర్ కాలేజీ లెక్చరర్. భార్య వాణి పోయాక పదేళ్ల కూతురు హిమజే ఆయన లోకం. ఆ పిల్ల ఆయన పాత ఫోనులో తుపాకుల ఆట మొదలుపెట్టినప్పటి నుంచి, ఇంట్లో ముఖం తెలియనివాళ్లెవరో తిరుగుతున్నట్టే ఉందాయనకు.

ఆట మంచిదో చెడ్డదో తేల్చుకుందామని పక్కన కూర్చుని చూశాడు. నెత్తురు కనపడదు. చచ్చినవాడు చిన్న పెట్టె అయిపోతాడు. అదే ఇంకా అనుమానంగా తోచింది. చావును ఇంత శుభ్రంగా చూపిస్తే పిల్లలకు ఏం అర్థమవుతుంది?

"ఏముందమ్మా దీంట్లో?" అన్నాడు.

"పడిపోయినోళ్లను బేగా పోయి లేపచ్చు నాయనా," అంది హిమజ, తల ఎత్తకుండా.

ఆయన లేచి వాణి ఫోటో ముందు దీపం వత్తి సరిచేశాడు.

ఆ శనివారం సాయంత్రం పిల్ల స్నానానికి పోయినప్పుడు ఫోను మోగింది. ఆటలోంచి వచ్చిన సందేశం. పంపినవాడి పేరు ఆళ్లగడ్డ పులి.

"బువ్వ తింటివా బంగారూ? ఆటకు రా. మీ నాయనకు చెప్పాకు."

రాజశేఖర్ ఆ సందేశాన్ని రెండుసార్లు చదివాడు. ఎవడీ పులి? ఆళ్లగడ్డ వాణి పుట్టిల్లు. హిమజ ఎవరి బిడ్డో తెలిసినవాడే అయి ఉండాలి. వాణి సంవత్సరీకం ఏ ఊళ్లో పెట్టాలన్న పంతంతో అత్తగారింటితో మాటలు ఆగిపోయాయి. ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్లు తగ్గినట్టు లెక్క. ఆ సంగతి కూడా పసిగట్టి ఎవడైనా బిడ్డను మచ్చిక చేసుకుంటున్నాడేమో!

చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కూతురి పేరుతోనే ఆటలోకి దిగాడు.

పులి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక్క తూటా పేల్చలేదు. మందులు, కట్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేస్తోంది. ఆయనకు అనుమానం రెట్టింపయింది. ఎవడూ ఊరికే ఇంత ఇవ్వడు. ఇంతలో ఎదురు మిద్దె మీద నుంచి కాల్పులు మొదలయ్యాయి. పులి అడ్డంగా వచ్చి నిలబడి కూలిపోయింది.

చెవిలో దగ్గు వినిపించింది. "నేను పోతే పోనీలే తల్లీ. నువ్వు పాణంతో ఉండు."

ఆ దగ్గు ఆయనకు తెలుసు. వాణి తల్లి రామేశ్వరమ్మది.

"అత్తా!"

"ఎవురూ? రాజశేఖరా? నువ్వేంది ఈడ?"

"ఆ మాట నేనడగాల. ఈ వయసులో నీకు తుపాకులేంది?"

"నేను యాడ కాలుస్తాండానప్పా? బిడ్డకు మందులు మోస్తాండా. పక్కింటి జెస్సికా నేర్పిచ్చింది. అచ్చరాలు కొట్టేది గూడా ఆ పిల్లే."

"ఫోన్ చేసుండచ్చు గదా."

"ఫోన్ చేస్తే తగ్గినట్ల. ఆటలో కలిస్తే ఎవురు తగ్గినట్ల? అది సరే, ముందు నన్ను లేపు, పాణం పోతాంది!"

"యాడ నొక్కాల?"

"చెయ్యి బొమ్మ కనపడ్లే? కాలేజీలో ఏం చెప్తాండావప్పా నువ్వు!"

ఆయన ఆ బొమ్మను వేలితో అదిమి పట్టుకున్నాడు. పడిపోయిన పులి మెల్లగా లేచి నిలబడింది.

వెనక నుంచి తడి జుట్టుతో హిమజ. "అవ్వను తిట్టాకు నాయనా."

ఆయన ఆట మూసి, పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. "ఇది నీ వయసుకు తగింది కాదమ్మా. ఈరోజు వచ్చిన పులి అవ్వ. రేపు ఏ పులి వస్తాదో మనకేం తెలుసు?" అంటూ ఫోనులోంచి ఆటను తీసేశాడు.

పిల్ల కళ్లు నిండాయి. ఆ నీళ్లు జారేలోపే తన ఫోను తీసి ఆళ్లగడ్డకు చేశాడు.

"ఏందప్పా, నువ్వే చేసినావే?" అంది రామేశ్వరమ్మ.

"తగ్గినా అత్తా. రేపు బిడ్డను తోడుకొని వస్తాండా."

అవతల గిన్నెల చప్పుడు మొదలైంది. "బస్సు శిరివెళ్ల దాటినాక చెప్పు. పూర్ణం పెట్టి ఓళిగలు వేడిగా కాలుస్తా."

"సరే అత్తా."

"ఆట మటుకు నేను తీసెయ్యనప్పా. నేను లేకుంటే జెస్సికాకు మందులు ఎవురిస్తారు?"