నల్లరాయి అవతల ఊరు

పడమటి ఆఫ్రికాలో, మా ఫాంటీ తీరంలో కథ ఎత్తుకునేవాడు ముందుగా ఒక మాట అనాలి: ఇదంతా అబద్ధం, నమ్మితే తప్పు మీది. వినేవాళ్ళు "అబద్ధమే, కానీ" అనాలి, అంటే కానియ్యి, చెప్పు అని. ఆ తరువాత చీమ ఏనుగును మింగినా అడిగేవాడు ఉండడు. నేను మింగించాను కూడా. మా తాత చేప కడుపులోకి వెళ్ళి, అక్కడి సంతలో ఉప్పు బేరమాడి, ధర నచ్చక తిరిగొచ్చాడని చెబితే, మా మేనత్త ఒక్కతే, "చుట్టూ సముద్రమేగా, ఉప్పు కొనడం దేనికిరా?" అంది. మేనత్తలకు కథలు చెప్పకూడదు.

ఆ నోటివల్లే నాకు పడవ మధ్యలో చోటు దొరికింది. ఓడలు ఒడ్డుదాకా రాలేవు. కెరటాలు విరిగేచోటికి అవతల లంగరు వేసుకుంటాయి. బానిసలుగా అమ్ముడుపోయి కొట్టంలో ఉన్న మనుషులను ఓడకు చేర్చే పని మాది. పదకొండు తెడ్లు, ఒక సరంగు. లోపలి అడవి దేశాలనుంచి పట్టుకొచ్చినవాళ్ళు సముద్రం చూడటం అదే మొదలు. తెల్లవాళ్ళు వండుకు తింటారని వాళ్ళ భయం. కెరటం లేవగానే వాళ్ళూ లేచేవాళ్ళు. పడవ తిరగబడేది. మేము ఈదుకుంటూ వచ్చేసేవాళ్ళం. వాళ్ళ చేతులకు తాళ్ళుండేవి.

సరంగు ఎజీర్ ఒకరోజు నా తెడ్డు లాక్కుని ఇంకొకడికి ఇచ్చాడు. "నీ చేతులకంటే నీ నోరే గట్టిదిరా. మధ్యలో కూర్చుని ఏదో ఒకటి వాగు. వాళ్ళు లేవకుండా ఉంటే చాలు."

వాగాను. నాలుగేళ్ళు ఎవరూ లేవలేదు.

నేను చెప్పబోయే రోజున పొడిగాలి వీస్తోంది. పడవలో పద్నాలుగు మంది. నా ఎదురుగా ఆచియా అనే ఆడమనిషి. కణతలమీద మూడేసి గాట్లు, మా భాషకు దగ్గర భాష. పాలు తాగే పిల్లలు తనకు వద్దని ఆ ఓడ కెప్టెన్ కబురు చేశాడు. అందుకని ఆమె కూతురు కొట్టంలోనే, కాపలావాడి పెళ్ళాం చేతిలో ఉండిపోయింది. ఆచియా రొమ్ముమీది గుడ్డ తడిసి ఉంది. ఆమె ఒడ్డుకేసి చూస్తోంది. లేస్తుందేమోనని సరంగు నాకు కనుసైగ చేశాడు.

నేను కంగారుగా ఎత్తుకున్నాను. "అదిగో, ఆ నల్లరాయి కనబడుతోందా? దాని అవతల ఎబురాము అని ఒక ఊరుంది. అక్కడ ఆడవాళ్ళదే రాజ్యం. కొట్టుకొచ్చిన పడవనల్లా పైకి ఈడ్చుకుపోతారు. తాళ్ళు కోసేసి, పెండలం ఉడకబెట్టి, ఎర్రనూనె పోసి పెడతారు. మా తాత అక్కడ మూడు నెలలు తిని, నడవలేక దొర్లుకుంటూ ఇంటికొచ్చాడు."

ఒకరిద్దరు నవ్వారు. ఆచియా రాయికేసి చూసింది. తరువాత నాకేసి చూసి, "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను," అంది.

మా తీరంలో వినేవాళ్ళలో ఎవరైనా ఆ మాట అన్నారంటే పాట అందుకుంటారని అర్థం. పాట అయ్యేదాకా కథ చెప్పేవాడు కథ సాగించకూడదు. మిగిలినవాళ్ళు పల్లవి అందుకుని చప్పట్లు కొట్టాలి. పాటను మధ్యలో తుంచితే పడవకు కీడు.

చప్పట్లు కొట్టాలంటే తెడ్డు ఒళ్ళో పెట్టుకోవాలి.

ఆచియా ఎత్తుకున్నది దంపుళ్ళ పాట. మొదటి చరణంలో రోకలి ఇంటికి వచ్చింది, రెండో దాంట్లో రోలు, తరువాత అత్త, మామ, మేక, మేక పిల్లలు. పదకొండు తెడ్లూ ఒళ్ళోకి చేరాయి. నీటివాలు పడవను తూర్పుకు, రాయివైపు లాగుతోంది.

"ఈ ఇంటినిండా జనమేనే తల్లీ," అన్నాడు వెనక తెడ్డు అబాకు. "మా సరంగు అత్తగారిని కూడా తీసుకుపో, పుణ్యం ఉంటుంది."

"చప్పట్లు కొట్టు, నోరు కాదు," అన్నాడు ఎజీర్. అతని కళ్ళు రాయిమీదే ఉన్నాయి. నాతో మెల్లగా, "కథ నీది. ముగింపు మాట అని దించే హక్కూ నీదే. దించెయ్యి," అన్నాడు.

పల్లవి నడుస్తుండగా ఆచియా నావైపు వంగింది. "అన్నా, ఆ ఊరినించి కొట్టానికి ఎంత నడక?"

ఇదంతా అబద్ధం అని ముందు అనాల్సిన మాట అనకుండానే కథ ఎత్తుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. రాయి అవతల ఊరు లేదు. ఇంకా రాళ్ళున్నాయి. మా పెదనాన్న పడవ అక్కడే ముక్కలైంది. ఆ సంగతి చెప్పి ఉండవచ్చు. నేను చెప్పింది వేరు.

"ఒక పూట," అన్నాను. నోటికి అలవాటు.

ఆమె తల ఊపింది. పూట నడవగలనన్నట్టు కాళ్ళు సర్దుకుని మళ్ళీ గొంతెత్తింది. ఈసారి ఇంటికి వచ్చింది ఒక పాప.

ఆ చరణం చివర నేను చెయ్యెత్తాను. "నా మూట దించేశాను. తీపి ఉంటే మీరు పంచుకోండి, చేదు ఉంటే నాకు వదిలెయ్యండి."

కథ దిగితే పాటా ఆగాలి. పదకొండు తెడ్లూ నీళ్ళలో పడ్డాయి. పడవ ఓడకేసి తిరిగింది. ఆచియా లేవలేదు, అరవలేదు. తాళ్ళ నిచ్చెన ఎక్కేటప్పుడు కూడా రాయికేసే చూసింది. నాకేసి చూడలేదు.

ఒడ్డుకు చేరాక ఎజీర్ నాకొక సారా బుడ్డి ఇచ్చాడు. "అందరి ప్రాణాలూ కాపాడావురా," అన్నాడు. లెక్కకు అది నిజమే. రాయికి కొట్టుకుంటే ఒక్కరమూ మిగిలేవాళ్ళం కాదు. కొట్టంలో పాప ఎనిమిది రోజులుంది. తొమ్మిదో రోజు కాపలావాడి పెళ్ళాం మా ఇంటికొచ్చి, చిన్న గుంట తవ్వాలని గునపం అడిగింది. నేనే ఇచ్చాను.

ఇప్పుడు మా వీధిలో కథ అడిగితే, ముందు మాట మూడుసార్లు అనిగానీ ఎత్తుకోను. ముసలాడికి మతి తప్పిందని, అన్నమాటే అంటున్నాడని నవ్వుతారు. నవ్వనిస్తాను. మా తాతకు ఈమధ్యే రెక్కలు కూడా మొలిపించాను.

ఈ కథకు మాత్రం ఇదంతా అబద్ధమన్న ఆ మాట మీతో అనలేదు. మీరూ "కానీ" అనలేదు.