బక్కమ్మ బాప్తిస్మం

సూట్‌కేసును లక్‌పతి కిరాణా కొట్టులో కాంటా మీద పెట్టారు. విమానంలో ఇరవై మూడు కిలోలు దాటకూడదు. కాంటా ఇరవై ఆరు చూపించింది. అంబిక అక్కడే సూట్‌కేసు తెరిచి కుక్కరు, బియ్యప్పిండి పొట్లం తీసేసింది. కారం ఉంచింది. మలావీలో కారం ఎట్లా ఉంటుందో తెలియదని చెప్పింది. దేవుని వాక్యానికన్నా ముందు కారమే పనికొస్తుందని లక్‌పతి నవ్వాడు.

ఆమె భర్త ఇమ్మానుయేలు బాన్సువాడలో పదకొండేళ్లుగా పాస్టరు. మిషన్ వాళ్లు ఇద్దరినీ నాలుగేళ్ల పరిచర్యకు మలావీ పంపిస్తున్నారు. ఆదివారం వీడ్కోలు కూడిక, బుధవారం హైదరాబాద్‌లో విమానం. ఇమ్మానుయేలు సంఘస్థుల ఇళ్లన్నీ తిరిగి సెలవు తీసుకున్నాడు. బక్కమ్మ ఇల్లొకటి మిగిలింది. దాన్ని కావాలనే చివరికి పెట్టుకున్నాడు. తను బయలుదేరేలోపే ఆమె చనిపోతుందని అనుకున్నాడు. ఆ సంగతి అంబికకు చెప్పలేదు.

బైకు అమ్మేశాడు కాబట్టి శుక్రవారం పొద్దున బక్కమ్మ ఊరికి, కోటగిరి వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాడు.

బక్కమ్మ కడుపులో గడ్డ ఉంది. డాక్టర్లు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఇంట్లో ప్రభువును నమ్మినది ఆమె ఒక్కతే. మూడేళ్ల కింద, వరినాట్లకు నీళ్లు వదిలిన వారంలో, ఇమ్మానుయేలు ఆమెను నిజాంసాగర్ కాలువలో ముంచి లేపాడు. కొడుకు బుచ్చన్న గట్టు మీద నిలబడి చూశాడు. అడ్డం చెప్పలేదు.

ఆ ఇంట్లో చనిపోయినవాళ్లను కాలుస్తారు. తనను మాత్రం ప్రార్థన చేసి మట్టిలో పెట్టాలని బక్కమ్మ ఏడాదిగా అడుగుతోంది. ఆ పట్టుదల ఆమెకు ఇమ్మానుయేలు మాటల వల్లే వచ్చింది. నిరుడు అదే ఊళ్లో పోసవ్వ అనే సంఘస్థురాలు చనిపోతే కొడుకులు డప్పులతో తీసుకుపోయి కాల్చారు. ఇమ్మానుయేలు దారిలోనే పొగ చూసి, బైకు దిగకుండా వెనక్కి తిరిగాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, విశ్వాసి శరీరం విత్తనం వంటిదని, ప్రభువు తిరిగి వచ్చే రోజు కడబూర మోగేదాకా మట్టిలో ఉండాలని, నిప్పులో వేసిన గింజ మొలవదని చెప్పాడు. బక్కమ్మ ముందు చాప మీద కూర్చుని విన్నది.

బుచ్చన్న వాకిట్లో ట్రాక్టరుకు గ్రీజు పెడుతున్నాడు. ఎన్నేళ్లకు పోతున్నావని అడిగాడు. నాలుగేళ్లకని ఇమ్మానుయేలు చెప్పాడు.

“ఈడ మమ్ములందర్ని కలుపుకునుడు అయిపోయిందా, గంత దూరం పోతున్నవు?” అని నవ్వాడు బుచ్చన్న.

ఇమ్మానుయేలు కూడా నవ్వి, తరువాత అసలు సంగతి అడిగాడు. తను లేకపోయినా అవ్వను మట్టిలో పెడతానని మాట ఇమ్మన్నాడు. బుచ్చన్న చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

“నువ్వుంటే వేరే ముచ్చటుండె, పాస్టరన్నా. పాలోళ్లు, కులపోళ్లు లొల్లి పెడితే నీ మీదికి నూకుదును. నువ్వు లేకుంటే నేనొక్కన్నే నిలవడాలె. నాతోని కాదు. నీకు ఊ అని, నువ్వు విమానం ఎక్కినంక వేరే చేసుడెందుకు? కాలవెడ్తం.”

ఫోన్ చేస్తే బోధన్ పాస్టరు వచ్చి దగ్గరుండి చూసుకుంటాడని ఇమ్మానుయేలు చెప్పాడు. ఫోన్ చేయనని బుచ్చన్న అన్నాడు. ప్రయాణం రెండు నెలలు వాయిదా వేయమని ఇమ్మానుయేలు మిషన్ ఆఫీసును పోయిన నెలలోనే అడిగాడు. వీసాలన్నీ కలిపి వచ్చాయని, ఆగితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని వాళ్లు చెప్పారు. అతను మళ్లీ అడగలేదు.

బక్కమ్మ వసారాలో మంచం మీద ఉంది. వాకిట్లో మాటలన్నీ విన్నది. ఇమ్మానుయేలు పక్కన కూర్చుని, ప్రభువుకు మట్టయినా నిప్పయినా ఒకటేనని, బూడిదనుంచి కూడా ఆయన లేపగలడని చెప్పాడు.

“పోసవ్వ పోయినప్పుడు గట్ల చెప్పలేదు గదయ్యా,” అన్నది.

చెప్పలేదని ఒప్పుకున్నాడు.

“మరి గిప్పుడు చెప్పేది నా కోసమా, నీ కోసమా?”

ఆమె నీళ్లడిగి రెండు గుక్కలు తాగింది. గ్లాసు అతనికే ఇచ్చింది.

“గా నీళ్లు వాపస్ తీస్కో.”

గ్లాసు నీళ్లనుకుని అతను దాన్ని కింద పెట్టబోయాడు.

“గవి కాదు. కాలువ నీళ్లు. నువ్వే ముంచినవ్ గద, పోయేముందు నువ్వే తీసెయ్. ఎట్లైనా కాలవెడ్తరు. నీ దేవుడు మొలవనియ్యడు. ముందుగాల పోయిన మావోళ్లేమో, నువ్వు వాళ్లల్ల కలిసినవ్ పో అంటరు. రెండు దిక్కులకెళ్లి ఎల్లగొడ్తే నేనేడుండాలె? తీసేస్తే మా ఆయన కాడికన్న పోత.”

బాప్తిస్మం ఒకసారి ఇస్తే తీసేయడం ఉండదని ఇమ్మానుయేలు చెప్పాడు.

“ముంచుడే ఉన్నదా మీ తాన,” అని బక్కమ్మ గోడ వైపు తిరిగింది.

అతను లేచి నిలబడి ప్రార్థన చేశాడు. ఇంతకుముందు ప్రతి ప్రార్థనకూ ఆమె కొంగు తల మీదికి లాక్కునేది. ఈసారి లాక్కోలేదు. ఆమెన్ అతనొక్కడే అన్నాడు. బుచ్చన్న రోడ్డు దాకా వచ్చి ఆటో ఆపాడు.

బక్కమ్మవ్వ ఏమన్నదని ఇంట్లో అంబిక అడిగింది. అందరికీ వందనాలు చెప్పమన్నదని ఇమ్మానుయేలు చెప్పాడు.

ఆదివారం మందిరంలో సంఘస్థులు ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క ఆఫ్రికా పటం, ఇంకో పక్క కాలువలో బాప్తిస్మం ఫోటో. ఫోటోలో ఇమ్మానుయేలు నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి ఒకరి తల మీద ఉంది. తల సగం నీళ్లలో ఉంది, ముఖం కనిపించదు. అది బక్కమ్మ అని అతనికి తెలుసు. ఆ ఫోటో కింద నిలబడి అతను సాక్ష్యం చెప్పాడు. శాలువా కప్పారు.

కూడిక అయ్యాక ఫ్లెక్సీ విప్పి మడిచి వాళ్లకే ఇచ్చారు. మలావీలో చూపించడానికి పనికొస్తుందన్నారు. మంగళవారం అంబిక దాన్ని సూట్‌కేసులో పెట్టి మళ్లీ తూకం వేయించింది. ఎక్కువ వచ్చింది. ఫ్లెక్సీ తీసేద్దామని ఇమ్మానుయేలు అన్నాడు. సంఘం ఇచ్చింది, ఎట్లా తీస్తామని అంబిక కారం పొట్లాలు తీసి లక్‌పతికి ఇచ్చింది.