మందు వాసన లేని నీళ్లు

“ఇవాళ నీళ్లు ఎంత బాగున్నాయో అల్లుడుగారూ! మందు వాసనే లేదు,” అంటూ అత్తగారు గ్లాసు అందించింది.

పంపు ఆపరేటరైన అల్లుడు గ్లాసు కింద పెట్టేశాడు. కాలనీ బోరు నీళ్లలో క్లోరిన్ కలిపేది అతనే. వాసన లేదంటే మందు కలవడం లేదన్నమాట.

“తాగకండి అత్తయ్యా!” అంటూనే పంపు గదికి పరుగెత్తాడు. క్లోరిన్ గొట్టం పూడుకుపోయి ఉంది. వాల్వు కట్టేశాడు. కానీ ఇళ్లలో అప్పటికే పట్టుకున్న నీళ్ల మాటేమిటి?

వీధిలోకి వచ్చేసరికి అత్తగారు తలుపులు బాదుతోంది. “మా అల్లుడు వదిలిన నీళ్లు కాచకుండా తాగకండమ్మా!”

సిగ్గుతో తల కొట్టేసినట్టయినా అతనూ పక్క వీధి తలుపులు తట్టాడు. ఆ వారమంతా ఎవరికి కడుపునొప్పి అని విన్నా పైప్రాణాలు పైనే పోయేవి. అదృష్టం బాగుండి ఆ నీళ్ల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.