సగం గీసిన గడ్డం

సెలూన్ పెద్దాయనకు కత్తెర ఆగినా నోరు ఆగదు. ఆ నోటికి సరిజోడు పక్క సందులో వాచీలు బాగుచేసే మేస్త్రీ. ఇద్దరి మతాలూ వేరు, అయినా ఎప్పటినుంచో ‘బావా’ అంటే ‘బావా’ అనుకుంటారు. పొద్దున్నే మేస్త్రీ కుర్చీలో తల వెనక్కి వాలుస్తాడు, పెద్దాయన నురగ పూస్తాడు, రేడియో వింటూ ఇద్దరూ కలిసి లోకంలోని ప్రభుత్వాలన్నిటినీ కడిగేస్తారు.

ఆ రోజు వార్తల్లో, ఎక్కడో ఒక ప్రభుత్వం పొరుగు దేశం మీద బాంబులు వేయించిందని చెప్పారు. ఆస్పత్రి కూలి పిల్లలు పోయారట. ఆ ఏలేవాళ్ళదీ మేస్త్రీదీ ఒకే మతం. అంతకు మించి వాళ్ళకూ ఇతనికీ ఏ చుట్టరికమూ లేదు.

"ఆ ప్రధాని చేతులు పడిపోను," అన్నాడు మేస్త్రీ నురగలోంచి. "ఆ పిల్లల ఉసురు ఊరికే పోతుందా బావా?"

"ఎక్కడికి పోతుంది," అన్నాడు పెద్దాయన, గొంతు మీద కత్తి ఆనించి. కోపం పొంగుకొచ్చింది, మాట జారింది. "అయినా ఆ మతమే అంత. నెత్తురు చూడనిదే వాళ్ళకి నిద్ర పట్టదు."

కత్తి పైకి లేవగానే మేస్త్రీ మెడలో గుడ్డ విప్పి, మడిచి పెట్టి, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో వీధిలోకి వెళ్ళిపోయాడు.

పెద్దాయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. తాను తిట్టింది ప్రధానిని, మధ్యలో ఈయనకెందుకు పౌరుషం అని కాసేపు తనను తానే దబాయించుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దుకాణం మూసి, సామాను పెట్టె చంకన పెట్టుకుని మేస్త్రీ ఇంటికి బయల్దేరాడు. మిగతా గడ్డం గీసేస్తే సంగతి దానంతట అదే సర్దుకుంటుందని ఆశ. చేతిలో పనుంటే క్షమాపణ చెప్పక్కర్లేదు కదా.

తలుపు తీసింది మేస్త్రీ భార్య. "రండి అన్నయ్యా," అంది, ఎప్పటిలా నవ్వలేదు. లోపల మేస్త్రీ అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. మిగతా గడ్డం తనే గీసుకున్నాడు. చెంప మీద రెండుచోట్ల దూది అతికించి ఉంది. ఇక పెట్టెతో పని లేదు, నోరే తెరవాలి.

"తప్పయింది బావా. ఆ ప్రధాని మీద కోపంతో..."

"వాణ్ణి తిట్టు. నేనూ గొంతు కలుపుతా," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "కానీ ఆ మతమే అంత అన్నావు. మా అమ్మదీ ఆ మతమే. ఆమె మంచాన పడ్డప్పుడు ఇంటికొచ్చి, చిక్కు తీసి, జుట్టు కత్తిరించింది నువ్వే. ఆమెలో ఏం నెత్తురు దాహం చూశావు?"

పెద్దాయన చంకలోని పెట్టె కింద పెట్టాడు.

"ఇంకో మాట. అప్పుడు కత్తి నా గొంతు మీద ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నీ చేతికి భయపడ్డాను బావా. తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది."

పెద్దాయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "సిగ్గు నీది కాదు, నాది. ఎవడో ఏలేవాడి పాపం తెచ్చి మీ అమ్మ నెత్తిన పెట్టాను."

మేస్త్రీ కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని తల వెనక్కి వాల్చాడు.

"గడ్డం కింద నాకు సరిగ్గా రాలేదు. చూడు."

పెద్దాయన పెట్టె తెరిచి కత్తి తీశాడు. "ఇవాళ వద్దు బావా. చెయ్యి నిలవడం లేదు."

"నిలిచేదాకా ఆగుతాలే," అన్నాడు మేస్త్రీ, గొంతు అలాగే పైకెత్తి, కళ్ళు మూసుకుని.