గీత మీద పన్నెండు అడుగులు

హాల్లో నేల మీద నల్ల టేపు అతికించి ఉంది. తమ్ముడు దాని మీద మడమకు బొటనవేలు ఆనించి నడుస్తున్నాడు. ఏడో అడుగులో ఒళ్ళు ఎడమకు తూలింది.

"మళ్ళీ," అంది అక్క.

"నువ్వు డ్రిల్లు మాస్టరువి కావాల్సింది. అనవసరంగా కుట్టుమిషను ముందు కూర్చున్నావు."

"జోకులు తర్వాత. పాదాలు చూడకు, ఎదురుగా గోడ చూడు. మళ్ళీ."

మూడేళ్ళ వయసులో అతని పుర్రె ఎముకకు చిల్లులు పడ్డాయి. హిస్టియోసైటోసిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే గుంపు కట్టి ఎముకను తినేసే జబ్బు, చాలా అరుదట. ఏడాది పాటు మందులెక్కిస్తే తగ్గింది. దాహం ఒక్కటే మిగిలింది. మెదడు కింద గ్రంథి దెబ్బతినడంతో, మాత్ర మరిచిన రోజున బకెట్టు నీళ్ళు తాగేవాడు. పనిలో అందరూ 'కూజా' అని పిలిచేవారు. ఇప్పుడతనికి ముప్ఫై ఒకటి. ఇరవై అంతస్తుల ఎత్తున టవర్ క్రేను నడుపుతాడు.

ఏటా చిన్నప్పుడు వైద్యం చేసిన ఆసుపత్రిలోనే చూపించుకోవాలి. అక్కడి డాక్టరమ్మ సంతకం పెడితేనే క్రేను ఎక్కనిస్తారు. మూడేళ్ళ కిందట అడుగు తూలడం మొదలైంది. ఆవిడ ఎప్పుడూ అవే పరీక్షలు అదే వరసలో చేస్తుంది: గీత మీద నడక, వేలితో ముక్కు తాకడం, అరచెయ్యి తిప్పడం. అందుకని నెల ముందు నుంచే అక్క ఎక్కాలు వల్లె వేయించినట్టు అవన్నీ చేయించేది. పాసైతే జబ్బు లేనట్టేనని ఇద్దరూ నమ్మారు.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం సిగ్నల్‌మ్యాన్ వచ్చాడు. క్రేను కింద నిలబడి చేత్తో సైగలు చేసే మనిషి.

"వాడేడక్కా?"

"స్నానం చేస్తున్నాడు."

"అయితే గబగబా చెప్పేస్తా. మొన్న ఇనప దూలం నా నెత్తికి జానెడు ఎత్తులో పోయింది. ఆపమని చెయ్యెత్తాను, వాడు చూశాడు కూడా. ఎందుకాపలేదురా అంటే లీవరు చేతికందలేదన్నాడు. నవ్వుతూ చెప్పాడక్కా!"

"ఎవరికైనా చెప్పావా?"

"పన్నెండేళ్ళ స్నేహం, ఎలా చెప్పను? రేపు వాడు పాసైతే నేను పని మానేస్తా. కానీ నా చోటుకొచ్చేవాడికి ఇదేం తెలీదు కదా!"

మర్నాడు తమ్ముడు పన్నెండు అడుగులూ తూలకుండా వేశాడు. వేలు సూటిగా ముక్కుకు తగిలింది. అరచెయ్యి చకచకా తిరిగింది. డాక్టరమ్మ కలం తీసింది.

"వెనక్కి నడవమనండి," అంది అక్క.

"ఏంటే?" అన్నాడు తమ్ముడు.

"వెనక్కి. అది మేం నేర్చుకోలేదు డాక్టరుగారూ."

రెండో అడుగుకే అతను బరువు తూచే మిషను మీద పడ్డాడు.

మధ్యాహ్నానికి స్కాను వచ్చింది. నడకను అదుపులో ఉంచే చిన్నమెదడులో రెండు వైపులా తెల్ల మచ్చలు.

"పాత జబ్బు తగ్గిన చాలా ఏళ్ళకు కొందరికి ఇలా వస్తుంది," అంది డాక్టరమ్మ. "ఎప్పట్నుంచి తూలుతున్నాడు?"

"మూడేళ్ళు."

ఆవిడ ఫైలు వెనక్కి తిప్పింది. మూడు పేజీల్లోనూ ఆవిడ చేతిరాతే: నడక మామూలుగా ఉంది.

"మొదటి ఏడే తెలిసుంటే అప్పుడే మందు పెట్టి చూసేదాన్ని. ఇప్పుడూ పెడతాను. పనిచేస్తే ఇక్కడితో ఆగుతుంది. పోయింది మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేను."

"క్రేను?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి, కాగితం మీద 'అనర్హుడు' అని రాసింది.

అతను అక్క వైపు తిరిగాడు. "నిన్న వాడన్నదంతా స్నానాలగదిలోంచి విన్నాను."

"విని కూడా ఈ పూట వచ్చి నడిచావా?"

"నువ్వు చెప్పవనుకున్నాను."

లేచాడు. అక్క చెయ్యి చాపింది. అతను గోడ పట్టుకుని బయటికి నడిచాడు.