బదులు రివ్యూ

కాల్వకు సోమవారం నీళ్లు వదులుతారు. ఆ లోపు, ఎవరి చేనుకు నీటి వంతు ఎప్పుడో చూపే మా యాప్ కొత్తది బయటికి రావాలి. లేకపోతే రైతులు పోయినేడాది వంతులు చూసుకుని గట్టు మీద ఊరికే కూర్చుంటారు. అది ఉచిత యాప్. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు పంపొచ్చు. పంపింది చదివి, సరే అని చేర్చాల్సింది మాత్రం నేను. వచ్చినవి ఎనభై ఏడు, చదివినవి నాలుగు. ఈరోజు గురువారం.

తప్పు నాదే. నాలుగేళ్ల కిందట నల్లగొండలో మొదలుపెట్టింది నేను కదా, వేరేవాళ్ల చేతుల్లో పెడితే పాడుచేస్తారని భయం. భయం కూడా కాదు, పొగరు. మహబూబ్‌నగర్ నుంచి స్నిగ్ధ అనే అమ్మాయి పంపిన మార్పు పదకొండు నెలలుగా పడి ఉంది. పొద్దున్నే రాసింది: "గ్రేసక్కా, చదువుడు నీతోని కాకపోతే చెప్పు, నేను వేరే పని చూసుకుంట."

కోపమొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ నాగులమ్మ నన్ను చూసి, "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అంది. చెప్పాను.

"గంతమంది పంపిండ్రా? మరి గాళ్లనే చదవమను."

"చదవాల్సింది నేనే గదమ్మా."

"నా చేన్ల కలుపు నేనొక్కదాన్నే తీసిన్నా ఎప్పుడన్న? ఇయ్యాల పుష్పమ్మ నా చేన్లకొస్తది, రేపు నేను ఆమె చేన్లకు పోత. నువ్వు గూడ బదులుకు పిలువు. ఎనకనుంచి జర చూసుకో, సాలు."

ముందు స్నిగ్ధకు క్షమాపణ చెప్పి, ఆమెది చదివి చేర్చాను. తర్వాత అందరికీ రాశాను: మీ మార్పు చేరాలంటే ఇంకొకరిది చదవండి. ఇక చూడాలి సందడి! ముఖాలు తెలియని వాళ్లంతా ఒకరి తప్పులు ఒకరు పడుతూ, ఎగతాళి చేసుకుంటూ చదివేశారు. శనివారానికి ఒక్కటే మిగిలింది. ఇంట్లో గంతులేశాను.

ఆ మిగిలింది నాదే. రాత్రి వంతులు చూపించే కొత్త కోడ్. మూడుసార్లు చదువుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. నేను తనది చదివినందుకు బదులుగా దాన్ని చదవడానికి స్నిగ్ధ తీసుకుంది.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి ఆమె ఫోన్.

"అక్కా, నీ కోడ్ బుధవారం రాత్రి రెండు గంటలకు నీళ్లని చూపెడుతాంది. మా బాపు ఎప్పుడు పోతడు?"

"బుధవారం రాత్రి."

"గప్పటికి నీళ్లొచ్చి పోయి ఒక దినమైతది. గా వంతును మా బాపు మంగళవారం రాత్రి అంటడు. మనకు తెల్లారితేనే గద దినం మారేది? నువ్వు పన్నెండు కొట్టంగనే మార్చినవ్."

కోడ్ తెరిచి చూశాను, నిజమే. ఆ వెంటనే నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

"నా కోడ్ల తప్పు పట్టిన మొదటి మనిషివి నువ్వే స్నిగ్ధా."

"ఎవ్వరినన్న చదవనిచ్చినవా అక్కా?"

సరిచేసి పంపాను. ఆమె గంటసేపు చదివింది. ఆ గంటంతా నేను ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను, ఒకరి 'సరే' కోసం జీవితంలో మొదటిసారి ఎదురుచూస్తూ.