సోమ్లీ అవ్వ నొప్పుల పొడి

గడప ముందు నిలబడ్డ మనిషిని సోమ్లీ వెంటనే గుర్తుపట్టలేదు. ఆర్నెల్ల కిందట మోకాళ్ల నొప్పులతో తండాకు వచ్చినప్పుడు కట్టమ్మ ఎండుకట్టెలా ఉండేది. ఇప్పుడు చెంపలు ఉబ్బి కళ్లు పూడుకుపోయాయి. రెండు మెట్లెక్కడానికే ఆయాసపడుతోంది.

"ఏమైందే కట్టమ్మా? ఏం తింటున్నవ్?"

"నీ మందే గదా అవ్వా! నువ్వే గిట్లడుగుతవేంది?"

కట్టమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. డబ్బా మీద అద్దాల రవికతో, చెంపల మీదికి వేలాడే వెండి నగలతో సోమ్లీ ఫొటో ఉంది. కింద అక్షరాలను కట్టమ్మ కూడబలుక్కుని చదివింది. "సోమ్లీ అవ్వ నొప్పుల పొడి. అసలు సిసలు వావిలాకు."

సోమ్లీకి చప్పున గుర్తొచ్చింది. కిందటేడు తొర్రూరు నుంచి ప్రతాప్ అనే దుకాణదారు వచ్చి, నీ వైద్యం పదిమందికీ తెలియాలంటూ ఫొటో తీసుకున్నాడు. పొడి చేసి అమ్ముదామంటే ఆమె ఒప్పుకోలేదు. "మా అమ్మ నాకు పైన కట్టుడే నేర్పింది, మింగిచ్చుడు నేర్పలే" అని పంపేసింది.

ఆమె వైద్యమంతా వాగొడ్డున పెరిగే వావిలి చెట్లతోనే. ఆకు కుండలో మరిగించి ఆవిరి పట్టేది. ఆముదం రాసిన వేడి ఆకును మోకాలికి గుడ్డతో కట్టేది. పది రోజులు కడితే వాపు దిగి నడక తేలికయ్యేది. నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం ఎవరికీ మాటిచ్చేది కాదు. ఎముక విరిగిందని అనుమానం వస్తే చెయ్యి కూడా వెయ్యకుండా దవాఖానకు పంపేది.

"గీ పొడి తింటే ఎన్నొద్దులకు తగ్గింది?"

"రెండో దినానికే. ఉరికిన అనుకో."

"రెండొద్దుల్ల తగ్గిచ్చే ఆకు నేనైతే సూడలేదు బిడ్డా."

సోమ్లీ చిటికెడు పొడి నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మింది. వావిలి వాసన లేశమైనా లేదు. ఉన్నదంతా గోలీల చేదే.

ఆ పూటే కట్టమ్మను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ దీప షుగర్ చూసింది, బీపీ చూసింది. "స్టెరాయిడ్ గోలీలు నూరి కలిపినట్టున్నరు. ఒక్కసారే బంద్ చేస్తే పానం మీదికొస్తది. మెల్లగ తగ్గిద్దాం. డబ్బాను పరీక్షకు పంపిస్త" అంది. తర్వాత డబ్బా మీది ఫొటోను, ఎదురుగా నిలబడ్డ సోమ్లీని మార్చి మార్చి చూసింది.

ఆ చూపు సోమ్లీకి చెంపదెబ్బలా తగిలింది.

"ఫొటో నాదే. పొడి నాది కాదు" అంది తలెత్తి.

ఇంటికొచ్చాక కొడుకు సుభాష్ బతిమాలాడు. "పెద్దోళ్లతోని మనకెందుకమ్మా? పంచాయితీ పెట్టుకుంటే కేసు నీ మీదికే వస్తది."

"నేను నోరు మూసుకుంటే ఆ పొడి నాదే అయితది" అంది సోమ్లీ.

అంగడి రోజు వావిలి మండలు మోపు కట్టి నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. తొర్రూరులో ప్రతాప్ దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. మోపును ధబ్బున అతని బల్ల మీద పడేసింది.

"ఇగో, వావిలంటే గిది. వాసన చూడున్రి! నీ డబ్బల గీ వాసనేది?"

ప్రతాప్ మొహాన నవ్వు పులుముకున్నాడు. "అవ్వా, నీ పేరు జిల్లా అంతా మోగుతున్నది. లోపలికి రా, చాయ్ తాగుదువు."

"చాయ్ వద్దు. మూత తియ్యి. గీ మంది ముంగట ఒక్క చెంచ నువ్వు మింగు."

జనం అతని వైపు చూశారు. ప్రతాప్ మూత మీద చెయ్యి వేశాడు కానీ తియ్యలేదు. "నాకేం నొప్పుల్లేవు గదా" అని గొణిగాడు.

వరుసలో ఉన్న బాలనర్సయ్య అనే ముసలాయన కోప్పడ్డాడు. "ఏం కలిపితే నీకేంది? నాకు నొప్పి పోయింది. మా నోటికాడి మందు గుంజుకుంటున్నవ్!"

సోమ్లీ అతని ముందు గొంతుక్కూర్చుని చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. వేలు పడ్డచోట గుంట అట్లాగే ఉండిపోయింది. బాలనర్సయ్య కాసేపు ఆ గుంటను చూసి, చేతిలోని డబ్బాను బల్ల మీద పెట్టేశాడు.

"నీ కాళ్లకు నీరు పట్టింది. ఇయ్యాలే దవాఖానకు పో అన్నా. పొడి తిన్ననని దాచకుండ చెప్పు" అంది సోమ్లీ.

పరీక్షలో స్టెరాయిడ్ బయటపడింది. అధికారులు డబ్బాలన్నీ పట్టుకుపోయి దుకాణానికి తాళం వేశారు. సోమ్లీని కూడా రెండుసార్లు పిలిపించారు. రెండుసార్లూ ఒకటే మాట చెప్పి వేలిముద్ర వేసింది. అయినా, విషం పెట్టిన ముసల్దని కొందరు ఆమె గడప తొక్కడం మానేశారు.

కట్టమ్మకు వాపు దిగడానికి నెలలు పట్టింది. ఆ వెనకే పాత నొప్పి తిరిగొచ్చింది. "ఆ పొడే నయముండె" అని తిట్టుకుంటూ వచ్చి కాలు చాపేది. "తిట్టు, కాలు మాత్రం కదిలియ్యకు" అంటూ సోమ్లీ వేడి ఆకు కట్టేది.

ఒకరోజు బాలనర్సయ్య కురవి జాతరలో కొన్న కొత్త పొట్లం తెచ్చి చూపించాడు. దాని మీద ఇంకెవరో ముసలామె ఫొటో ఉంది.

"ఈసారి నీ మొహం కాదు గదా అవ్వా, నీకు పరేషాన్ లేదు" అన్నాడు.

సోమ్లీ పొట్లాన్ని వెలుగులోకి తిప్పి ఆ ముసలామె మొహాన్ని చూసింది.

"ఆమెకు తెల్సో తెల్వదో" అంటూ లేచి చెప్పులు తొడుక్కుంది. "ఏ ఊరో చదువు. పోయి చెప్పొస్త."